ఊపిరి చాలని కాపరి

ధ్యాన భాగము: లూకా 24:28-35



ఆయాసముతో బాధపడు పెద్దలు లేని పల్లె అరుదు. నాలుగడుగులు వేయగానే గుండె దడదడలాడును. రాత్రివేళ పడుకొనలేక మంచముపై లేచి కూర్చుందురు. పాట పాడలేని నేను గుడికి వచ్చి యేమి ప్రయోజనమని ఇంటనే ఆగిపోవువారును కలరు. అట్టివారి నిమిత్తము ఈ నెల ఒక కాపరి జీవితమును తలంచుకొందము.

హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ 1793 జూన్ 1వ తేదీన స్కాట్లండులోని ఎడ్నం గ్రామమున జన్మించెను. బాల్యముననే తండ్రి ఆదరణ తప్పిపోగా, ఐర్లండులో ఆయన చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ఇంటి బిడ్డవలె చేరదీసెను. లైట్ 1815లో ఆంగ్లికను సంఘమున గురువుగా అభిషేకము పొందెను. కొంతకాలమునకు, మరణశయ్యపైనున్న తోటి గురువుతో కలిసి పౌలు పత్రికలు చదువుచుండగా ఆయన హృదయమే మారిపోయెను.

తరువాత ఇంగ్లాండు దక్షిణ తీరమున బ్రిక్స్‌హాం అను జాలరుల ఊరికి కాపరియై, ఇరువది యేండ్లకు పైగా సేవ చేసెను. పిల్లలకే గాక పడవలవారికి కూడ ఆదివారపు బడి నడిపెను. 103వ కీర్తన ననుసరించి ఆయన 1834లో ప్రకటించిన స్తుతిగీతము నేటికిని సంఘములలో పాడబడుచున్నది.

అయితే ఉబ్బసము, శ్వాసనాళముల వాపు ఆయనను విడువలేదు. 1835లో మరియొక సంఘమునకు వెళ్లగోరగా, ఈ వ్యాధి కారణముగానే ఆ స్థానము దక్కలేదు. అప్పటికి క్షయ క్రిమిని ఎవరును కనుగొనలేదు. అది 1882లో గాని తెలియలేదు. వెచ్చని దేశమునకు పోవుటయే నాటి వైద్యము. కనుక ఆయన పలుమారులు ఐరోపా దక్షిణ తీరములకు వెళ్లి, కొంత తేరుకొని, మరల తన జాలరుల యొద్దకు వచ్చుచుండెను. 1846లో ఆయన పాటల బృందము దాదాపు అంతయు వేరు సమాజములకు వెళ్లిపోయెను. దేహమునకు ఊపిరి తగ్గినప్పుడే మనుష్యుల తోడును తగ్గెను.

1847 సెప్టెంబరు మొదటి దినములలో, ప్రయాణమునకు ముందు, ఇంటివారు వలదన్నను వినక ఆయన ప్రసంగించి, ప్రభురాత్రి భోజనమిచ్చెను. ఆ సాయంకాలము ఒక కీర్తనను దగ్గరి బంధువు చేతికిచ్చెను. ఎమ్మాయు శిష్యులు ప్రొద్దు గ్రుంకుచుండగా ప్రభువును తమతో ఉండుమని బ్రతిమాలిన సంగతియే దానికి ఆధారము. నవంబరు 20న, నేటి ఫ్రాన్సులోని నీస్ పట్టణమున, తన 54వ యేట ఆయన నిద్రించెను. 1861లో విలియం హెన్రీ మంక్ ఆ కీర్తనకు రాగము కూర్చెను. అది గాంధీ మహాత్మునికిని ప్రియమైనది.

ఆ కీర్తనలో లైట్ ఊపిరిని అడుగలేదు, తోడును అడిగెను. ఉన్న కొద్ది ఊపిరిని సేవకు వెచ్చించెను. విశ్రాంతి తీసికొనుటకు సిగ్గుపడలేదు.

ఆయనకు లేని సహాయము నేడు మనకున్నది. రెండు వారములకు మించి దగ్గున్న యెడల ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించుకొనుడి. క్షయకు మందులు ఉచితముగా దొరకును. ఉబ్బసమునకు వైద్యుడిచ్చిన పీల్పు మందును మానవద్దు. చుట్ట, బీడీ విడువుడి. పొయ్యి పొగ బయటికి పోవు దారి చేయుడి. ఆయాసము వచ్చినప్పుడు ముందుకు వంగి కూర్చుండి, మోచేతులు మోకాళ్లపై ఆనించి, ముక్కుతో గాలి పీల్చి, వేడి గంజిని చల్లార్చునట్లు పెదవులు ముడిచి మెల్లగా విడువుడి. పనిని ముక్కలుగా చేసి నడుమ నడుమ ఆగుడి. అప్పటికిని ఊపిరి కుదుటపడనిచో ఆలస్యము చేయక ఆసుపత్రికి వెళ్లుడి.

సంఘస్థులారా, ఆయాసపడువారికి కిటికీ ప్రక్కన చోటియ్యుడి. వారు రాలేనప్పుడు మీరే వారి ఇంటికి వెళ్లి కూర్చుండుడి. విశ్వాసము చాలక ఈ వ్యాధి వచ్చినదని ఎన్నడును అనకుడి. ఎమ్మాయు దారిన ప్రభువు అలసినవారి నడకకు తన నడక కలిపెను. మన మట్లు చేయలేమా?

ప్రార్థన: మా నాసికా రంధ్రములలో జీవవాయువు నూదిన తండ్రీ, ఊపిరి చాలని వారి ప్రక్కన నీవుండుము. వారిని ఒంటరిగా విడువని మనస్సు మాకిమ్ము. ఆమేన్.