సవర మాట నేర్చుకున్న మాస్టారు



ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. ఆ రోజు మన పిల్లలు పంచెలు, పట్టు పరికిణీలు కట్టుకుని వస్తారు. పద్యాలు చెబుతారు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి ఫొటోకి దండ వేసి, ఆయన వ్యావహారిక భాషోద్యమ పితామహుడు అని ఒక్క వాక్యం చెప్పి ముగించేస్తాం. ఇంగ్లీషు టీచర్‌గా నాకు ఆయన జీవితంలో ఇంకో సంగతి కనిపిస్తుంది. తనకు రాని భాషను ఎలా నేర్చుకోవాలి, పిల్లలకు రాని భాషలో చదువు ఎలా చెప్పాలి అన్న ప్రశ్నలతోనే ఆయన బతుకంతా గడిచింది. పేరెంట్ టీచర్ మీటింగుల్లో మీరు నన్ను ఎక్కువగా అడిగేది కూడా దాదాపు అదే: పిల్లవాడికి ఇంగ్లీషు బాగా రావాలంటే ఇంట్లో తెలుగు మానేయాలా అని. నాకు తెలిసిన మంచి జవాబు గిడుగువారి జీవితంలో ఉంది. అందుకే ఈ నెల ఆయన కథ.

విశాఖలో చదువు

రామమూర్తి 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. తండ్రి వీర్రాజు, తల్లి వెంకమ్మ. తండ్రిది రెవెన్యూ ఉద్యోగం. చోడవరం బదిలీ అయ్యాక 1875లో అక్కడే జ్వరంతో చనిపోయారు. అప్పటికి రామమూర్తికి పన్నెండేళ్లు, మన లెక్కలో ఏడో తరగతి పిల్లవాడు. విశాఖపట్నంలో మేనమామగారి ఇంట్లో ఉంటూ ఇక్కడి హైస్కూల్లో చదువుకున్నారు. 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు.

ఆపైన కాలేజీకి వెళ్లే వీలు లేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో నెలకు 30 రూపాయల జీతానికి టీచర్‌గా చేరారు. పగలు పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తి చేశారు. చరిత్ర పాఠం చెప్పడానికి పుస్తకం చాలక, ముఖలింగం గుడిలోని శాసనాల లిపి సొంతంగా నేర్చుకుని చదివారు. తెలియనిదాన్ని దాని దగ్గరికే వెళ్లి నేర్చుకోవడం ఆయన అలవాటు.

కొండ మీది పిల్లలు

పర్లాకిమిడి చుట్టూ కొండలు. ఆ కొండల్లో సవరలు ఉంటారు. వాళ్లు మాట్లాడే సవర భాష తెలుగుకు గాని, ఒడియాకు గాని చుట్టం కాదు. అది ముండా భాషల్లో ఒకటి. ఆ భాషకు అప్పట్లో లిపి లేదు, పుస్తకం లేదు. సవర పిల్లవాడు బడికి వస్తే అక్కడ వినిపించేదంతా పరాయి భాష. మాస్టారు ఏం చెబుతున్నారో తెలియని పిల్లవాడు బడిలో ఎన్నాళ్లు కూర్చుంటాడు?

ఈ పిల్లలకు తెలుగు రాదు కాబట్టి చదువు రాదని అనుకుని ఊరుకోవచ్చు. రామమూర్తిగారు ఊరుకోలేదు. పిల్లలకు తన భాష రాకపోతే తానే వాళ్ల భాష నేర్చుకోవాలనుకున్నారు. సవర, తెలుగు రెండూ వచ్చిన ఒకతన్ని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. అతను మాట్లాడుతుంటే విని, పలికి, రాసుకుని నేర్చుకున్నారు. సవరలో తెలుగు అక్షరాలకు అందని ధ్వనులున్నాయి. గొంతులో టక్కున ఆగిపోయే ధ్వని వాటిలో ఒకటి. వాటిని సరిగా పట్టుకోవడానికి ధ్వనిశాస్త్రం సొంతంగా చదువుకున్నారు. అప్పటికి మన దేశంలో ఆ చదువు చెప్పేవాళ్లే దాదాపు లేరు.

తర్వాత సవర భాషలో వాచకాలు, కథలు, పాటలు తయారుచేశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, టీచర్లకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పించారు. ముప్పై రూపాయలతో ఉద్యోగం మొదలుపెట్టిన మనిషికి ఇది చిన్న ఖర్చు కాదు. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి పోయింది. భాషను చెవితో పట్టుకున్న మనిషి చివరికి ఆ చెవినే పోగొట్టుకున్నారు. పని మాత్రం ఆపలేదు. 1913లో ప్రభుత్వం రావు సాహెబ్ బిరుదు ఇచ్చింది. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో, ఇంగ్లీషు-సవర నిఘంటువు 1933లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో మద్రాసులో అచ్చయ్యాయి.

ఆ వ్యాకరణం ఆయన రాసింది ఇంగ్లీషులోనే. అమ్మభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగువారు ఇంగ్లీషుకు శత్రువు కారు. సవర భాషను ప్రపంచానికి చూపించడానికి ఆయనకు పనికొచ్చిన భాష ఇంగ్లీషే.

ఇన్‌స్పెక్టరుగారి ప్రశ్న

1907లో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి ఈ ప్రాంతానికి స్కూళ్ల ఇన్‌స్పెక్టరుగా వచ్చారు. క్లాసుల్లో తెలుగు పాఠం వింటే ఆయనకు ఒక సంగతి అంతుబట్టలేదు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకంలో ఉన్న తెలుగు ఇంకొకటి. పిల్లలు సొంత భాషనే పరాయి భాషలా బట్టీ పడుతున్నారు. ఇలా ఎందుకుందని ఆయన మన విశాఖలోని మిసెస్ ఎ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. దీనికి జవాబు చెప్పగలవాళ్లు ఇద్దరని అయ్యంగారు చెప్పారు. ఒకరు విజయనగరంలో గురజాడ అప్పారావుగారు, ఇంకొకరు పర్లాకిమిడిలో గిడుగువారు. ఈ నలుగురూ కలిసి ఆలోచించడంతో వ్యావహారిక భాషోద్యమం మొదలైంది.

ఈ ఉద్యమం ముందు పుట్టింది కవుల సభలో కాదు, క్లాస్‌రూమ్‌లో. పిల్లలకు భాష ఎలా చెబితే వస్తుందన్నదే మొదటి ప్రశ్న. అప్పటికే యూరప్‌లో హెన్రీ స్వీట్ వంటి పండితులు, భాష నేర్పేటప్పుడు ముందు మాట, తర్వాతే రాత అని వాదిస్తున్నారు. కొండల్లో సవర నేర్చుకుంటూ గిడుగువారు తన అనుభవంలో చూసిందీ అదే. చెవికి, నోటికి అలవాటైన మాటే తొందరగా చేతికి వస్తుంది.

1911లో ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆయన పూర్తిగా ఈ పనిలోనే ఉన్నారు. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసం వాడుక భాషలోనూ రాయొచ్చని ఒకసారి అనుమతి వచ్చింది. పండితులు గట్టిగా ఎదిరించారు. అనుమతి వెనక్కి పోయింది. 1915లో గురజాడ కన్నుమూశారు. గిడుగువారు తగ్గలేదు. 1919లో తెలుగు అనే మాసపత్రిక నడిపారు. అదే ఏడాది కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. ఊరూరా తిరిగి, పాత కావ్యాల్లోంచే ఉదాహరణలు తీసి చూపించి వాదించారు. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాడుక భాష మీద పెట్టిన నిషేధాన్ని ఎత్తేసింది. ఈ రోజు మన పేపరు, మన పిల్లల తెలుగు వాచకం, ఈ న్యూస్‌లెటర్ కూడా చదవగానే అర్థమవుతున్నాయంటే దాని వెనక ఆ శ్రమ ఉంది.

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్లినప్పుడు, యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1938లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆయనను కళాప్రపూర్ణతో గౌరవించింది. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన పోయిన పదమూడేళ్లకు, 1953లో, పిల్లలకు మొదటి చదువు అమ్మభాషలో మొదలుపెట్టడం మంచిదని యునెస్కో నివేదిక చెప్పింది. 2004లో మన రాష్ట్రంలో కొన్ని గిరిజన బడుల్లో పిల్లల భాషలోనే పాఠాలు మొదలుపెట్టినప్పుడు, ఎంచుకున్న ఎనిమిది భాషల్లో సవర ఒకటి.

మన క్లాసులోకి వస్తే

ఒక మాట ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, క్లాసులో తెలుగు మాట వినబడితే నేను బోర్డు మీద ఆ పిల్లల పేరు రాసేదాన్ని. నెల తిరిగేసరికి తెలుగు వినబడటం తగ్గింది. ఇంగ్లీషు మాత్రం పెరగలేదు. పిల్లలు మాట్లాడటమే మానేశారు. బాగా వచ్చినవాళ్లు నలుగురే నోరు విప్పేవారు. మిగతావాళ్లకు చెప్పాలని ఉన్నా భయంతో నోరు మెదిపేవారు కాదు. అప్పుడే గిడుగువారి సవర బడుల గురించి చదివాను. బోర్డు మీద పేర్లు రాయడం మానేశాను.

కెనడా పరిశోధకుడు జిమ్ కమిన్స్ 1979లో ఒక సిద్ధాంతం చెప్పారు. మొదటి భాషలో పిల్లవాడు సంపాదించిన చదివే నేర్పు, ఆలోచించే నేర్పు రెండో భాషలోకి నడిచి వస్తాయని దాని సారం. తెలుగులో కథ చెప్పగలిగిన పిల్లకు కథ అంటే ఏమిటో తెలుసు. ఇంగ్లీషులో ఆమెకు కావలసింది మాటలే. తెలుగు కూడా సరిగా అందని పిల్లకు రెండూ కావాలి. అందుకే ఇప్పుడు క్లాసులో కొత్త పాఠం ముందు బొమ్మ చూపించి, ఏం జరుగుతోందో ఏ భాషలోనైనా చెప్పమంటాను. తర్వాత ఆ మాటలకే ఇంగ్లీషు ఇస్తాను. ముందు అందరూ పలుకుతారు, జంటలుగా మాట్లాడుకుంటారు, ఆ తర్వాతే రాస్తారు.

తప్పుల్ని చూసే తీరు కూడా మారింది. ఐ రైస్ ఏట్ అని రాసిన పిల్లవాడు తెలివి తక్కువవాడు కాదు. తెలుగులో క్రియ చివర వస్తుంది, అతను ఆ క్రమమే పాటించాడు. బుక్కు, బస్సు అని పలికే పిల్ల నోరు తిరగనిది కాదు. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, ఆ అలవాటే ఇంగ్లీషులోకి తెచ్చుకుంది. తప్పు ఎక్కడి నుంచి వస్తోందో తెలిస్తే దిద్దడం తేలిక. ఒడియా, హిందీ, బెంగాలీ మాట్లాడే ఇళ్ల నుంచి కూడా పిల్లలు వచ్చే మన ఊళ్లో టీచర్లు ఈ చెవి పెంచుకోవాలి.

ఇంట్లో మీరు చేయగలిగింది

మీకు బాగా వచ్చిన భాషలో పిల్లలతో ధారాళంగా మాట్లాడండి. తడుముకుంటూ మాట్లాడే నాలుగు ఇంగ్లీషు వాక్యాల కన్నా, షిఫ్టు నుంచి వచ్చాక ప్లాంటులోనో పోర్టులోనో ఆ రోజు ఏం జరిగిందో తెలుగులో చెప్పే పది నిమిషాలు పిల్లల భాషకు ఎక్కువ బలం. అమ్మమ్మ, నాన్నమ్మల కథలు ఆపకండి. స్కూల్లో ఆ రోజు చదివిన ఇంగ్లీషు పాఠం ఏమిటో మీ భాషలో చెప్పమనండి. చెప్పగలిగితే అర్థమైందని లెక్క. ఇంగ్లీషు కథల పుస్తకం రోజూ పది నిమిషాలు గట్టిగా చదివించండి. మాట్లాడేటప్పుడు తప్పు వస్తే మధ్యలో ఆపకండి. మాట పూర్తయ్యాక మీరు సరైన వాక్యం ఒకసారి అనండి, చాలు.

ఇంగ్లీషు నేర్పమని మీరు పిల్లల్ని మా దగ్గరికి పంపిస్తున్నారు. అది నేర్పడం మా బాధ్యత. ఆ పని తొందరగా, గట్టిగా జరగాలంటే వాళ్ల ఇంటి భాష మాకు సాయం కావాలి. కాబట్టి మీ ప్రశ్నకు నా జవాబు ఇది: తెలుగు మానేయకండి. వచ్చే మీటింగుకి వచ్చినప్పుడు మీ అమ్మాయి, అబ్బాయి ఇంట్లో ఏ భాషలో ఏం కబుర్లు చెబుతున్నారో నాకు తప్పక చెప్పండి. పాఠం అక్కడి నుంచే మొదలుపెడతాను.