కణానికి కళ్లెం వేసిన ఎల్లాప్రగడ

భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతి సోదర పెన్షనర్లకు నాలుగు ముక్కల్లో మనవి చేస్తాను. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా చేరారు. 1940 నుంచి లెడర్లీ కంపెనీలో పరిశోధన సాగించారు.

శరీరంలో కణం రెండుగా చీలేముందు తనలోని డి.ఎన్.ఎ.కు నకలు తీసుకోవాలి. పాత గుమాస్తాను కనుక నా భాషలో చెబుతాను: నకలు సిద్ధం కానిదే ఫైలు కదలదు. ఎప్పుడు చీలాలో, ఎప్పుడు ఆగాలో చెప్పే అదుపు తప్పితే కణాలు ఆగకుండా పెరుగుతాయి. అదే కేన్సరు.

ఆ నకలుకు అవసరమైన ఫోలిక్ ఆమ్లాన్ని సుబ్బారావుగారి బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. తరువాత అచ్చం దానిలాగే ఉండి, దాని పని జరగనివ్వని అమినోప్టెరిన్‌ను రూపొందించింది. ఈ మందుతో 1947-48లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు పిల్లలకు కొంతకాలం ఉపశమనం కలిగించారు. జబ్బు తిరగబెట్టినా, మందుకు లొంగుతుందని తేలింది. 1948 ఆగస్టులోనే సుబ్బారావుగారు 53వ ఏట కన్నుమూశారు.

ఆ కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉంది. మనలో కీళ్లవాతానికి దాన్ని వాడేవారు వారానికి ఒక్కసారే వేసుకోవాలని మరువవద్దు. పొరపాటున రోజూ వేసుకుంటే మంచి కణాల విభజనా ఆగిపోయి ప్రాణం మీదికి వస్తుంది.