చర్చికీ మాత్రకీ మధ్య ఒక డాక్టరు

అమెరికాలో ఎమ్మెస్‌కి అప్లై చేసే మన సీనియర్లు యూనివర్సిటీ ర్యాంకు చూస్తారు, ఫీజు చూస్తారు. హెల్త్ ఇన్సూరెన్స్‌లో ఏమేం వస్తాయో చూసేవాళ్ళు తక్కువ. కాథలిక్ యూనివర్సిటీలు, ఆస్పత్రులు తమ ఉద్యోగులకీ స్టూడెంట్లకీ ఇచ్చే ఇన్సూరెన్స్‌లో గర్భనిరోధక మాత్రలు ఉండాలా వద్దా అన్న గొడవ అక్కడ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. విచిత్రం ఏంటంటే, ఆ మాత్రను ప్రపంచానికి ఇచ్చినవాళ్ళలో ఒకరు రోజూ పొద్దున్నే చర్చికి వెళ్ళే కాథలిక్. ఆయన పేరు డాక్టర్ జాన్ రాక్.

రాక్ 1890లో మసాచుసెట్స్‌లోని మార్ల్‌బరోలో పుట్టారు. నీ మనస్సాక్షిని ఇంకొకరి చేతిలో పెట్టకు అని చిన్నతనంలో ఊరి ఫాదర్ చెప్పిన మాట ఆయన జీవితాంతం మర్చిపోలేదు. హార్వర్డ్‌లో మెడిసిన్ చదివి, బోస్టన్ పక్కనే ఉన్న బ్రూక్‌లైన్‌లో ఆడవాళ్ళ ఆస్పత్రిలో చేరారు. పిల్లలు లేనివాళ్ళకి పిల్లలు పుట్టేలా చూడడమే ఆయన అసలు పని. 1944లో మిరియమ్ మెంకిన్‌తో కలిసి మనిషి అండాన్ని ల్యాబ్‌లో మొదటిసారి ఫలదీకరణ చేయించారు. ఈనాటి టెస్ట్‌ట్యూబ్ బేబీలకి అది తొలి మెట్టు.

కానీ అదే ఆస్పత్రికి వరస కాన్పులతో నీరసించిపోయిన తల్లులూ వచ్చేవారు. అప్పట్లో ఆ రాష్ట్రంలో గర్భనిరోధక సాధనాలు ఇవ్వడం నేరం. ఆ చట్టం తీసెయ్యాలని 1931లో పదిహేనుమంది డాక్టర్లు సంతకాలు పెడితే, వాళ్ళలో కాథలిక్ ఈయన ఒక్కరే.

1950లలో గ్రెగరీ పింకస్ అనే శాస్త్రవేత్త హార్మోన్ మాత్ర మీద పనిచేస్తున్నారు. మార్గరెట్ సాంగర్ వెంటపడి ప్రోత్సహించారు, కేథరిన్ మెక్‌కార్మిక్ డబ్బిచ్చారు. ఆడవాళ్ళ మీద పరీక్షలు చేసే డాక్టరుగా రాక్ చేరారు. 1954లో యాభైమందితో మొదలైంది. 1956లో పెద్ద పరీక్షలు ప్యూర్టోరికోలో జరిగాయి. అక్కడ మందు డోసు చాలా ఎక్కువ. వికారం, తలతిప్పుడు అని చెప్పినవాళ్ళ మాట సరిగా పట్టించుకోలేదు. తమ మీద జరుగుతున్నది ప్రయోగమని ఆ పేద ఆడవాళ్ళలో చాలామందికి తెలియదు. రాక్ కథలో ఈ మచ్చ దాచకూడదు.

1960లో ప్రభుత్వం ఆ మాత్రను గర్భనిరోధానికి ఆమోదించింది. అసలు పరీక్ష ఆ తర్వాతే. సురక్షిత రోజులు లెక్కపెట్టుకునే పద్ధతికి చర్చి అప్పటికే ఒప్పుకుంది. ఒంట్లో సహజంగా ఉండే హార్మోనులాంటిదే ఈ మాత్ర, ఇది ఆ సురక్షిత రోజుల్నే పెంచుతోంది, మరి తప్పెక్కడుంది అన్నది రాక్ వాదన. 1963లో దీని మీద పుస్తకమే రాశారు. పోప్ నియమించిన కమిషన్‌లో ఎక్కువమంది మార్పు వైపే మొగ్గారు. అయినా 1968లో పోప్ ఆరో పాల్ కుదరదని తేల్చేశారు. రాక్ మనసు విరిగింది. జీవితమంతా వెళ్ళిన చర్చికి వెళ్ళడం మానేశారు. 1984లో, 94 ఏళ్ళ వయసులో, న్యూహ్యాంప్‌షైర్‌లో కన్నుమూశారు.

ఆయన పోయాక కూడా గొడవ ఆగలేదు. ఉద్యోగుల ఇన్సూరెన్స్‌లో ఈ మాత్రలు ఉచితంగా ఉండాలని 2012లో ఒబామా ప్రభుత్వం రూలు పెట్టింది. చర్చిలకి మినహాయింపు ఇచ్చినా కాథలిక్ ఆస్పత్రులు, కాలేజీలు, సన్యాసినుల సంఘాలు కోర్టుకెళ్ళాయి. మతపరమైన, నైతికమైన అభ్యంతరం ఉన్న యజమానులకి మినహాయింపు ఇవ్వొచ్చని 2020లో సుప్రీంకోర్టు 7-2తో తీర్పిచ్చింది.

రెండు వైపులా వినిపించేది మనస్సాక్షి అన్న మాటే. జీతమిచ్చే సంస్థ మనస్సాక్షి గెలవాలా, ఆ సంస్థలో పనిచేసే నర్సుదా? రాక్ తన మనస్సాక్షిని ఎవరికీ అప్పగించలేదు. ప్యూర్టోరికో ఆడవాళ్ళని మాత్రం ముందు పూర్తిగా చెప్పి అడగలేదు. తనకి కోరుకున్న హక్కు ఎదుటివాళ్ళకీ ఇవ్వడం ఎంత కష్టమో ఈ ఒక్క జీవితం చూస్తే తెలుస్తుంది.