జుల్ఫికర్ అలీ భుట్టో: పేదల నాయకుడా, విమర్శను సహించని పాలకుడా?

1979 ఏప్రిల్ 4న తెల్లవారకముందే రావల్పిండి జైలులో పాకిస్తాన్ మాజీ ప్రధానమంత్రి జుల్ఫికర్ అలీ భుట్టోను ఉరితీశారు. భౌతికకాయాన్ని విమానంలో సింధ్‌కు తరలించి, లార్కానా సమీపంలోని పూర్వీకుల గ్రామం గఢీ ఖుదా బక్ష్‌లో ఖననం చేశారు. ఆ తరువాతే దేశానికి వార్త తెలిసింది. నిర్బంధంలో ఉన్న భార్య నుస్రత్‌ను, కుమార్తె బేనజీర్‌ను అంత్యక్రియలకు అనుమతించలేదు. ఆయన జనాకర్షణకు సైనిక పాలకులు ఎంతగా భయపడ్డారో ఆ గోప్యతే చెబుతుంది.

1928 జనవరి 5న పెద్ద భూస్వామ్య కుటుంబంలో జన్మించిన భుట్టో బర్క్‌లీ, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాలలో చదివి బారిస్టర్ అయ్యారు. 30 ఏళ్లకే మంత్రి అయ్యారు. అయితే ఆ పదవిని ఇచ్చింది ప్రజలు కాదు, 1958లో రాజ్యాంగాన్ని రద్దు చేసిన ప్రభుత్వం. అయూబ్ ఖాన్ హయాంలో విదేశాంగ మంత్రిగా ఎదిగి, తాష్కెంట్ ఒప్పందంపై విభేదించి 1966లో బయటకు వచ్చారు. మరుసటి ఏడాది లాహోర్‌లో పాకిస్తాన్ పీపుల్స్ పార్టీని స్థాపించారు.

ప్రతి పేదవానికీ తిండి, బట్ట, ఇల్లు అన్నది ఆ పార్టీ వాగ్దానం. అంతవరకు ఓటు అడగడానికి కూడా ఎవరూ రాని గుడిసెలకు ఆ మాట చేరింది. 1970 ఎన్నికలలో పశ్చిమ పాకిస్తాన్‌లోని 138 స్థానాలలో 81 భుట్టో పార్టీకి దక్కాయి. కానీ జాతీయ అసెంబ్లీలో మెజారిటీ తూర్పు పాకిస్తాన్ నేత షేక్ ముజిబుర్ రెహ్మాన్‌ది. భుట్టో ఆ తీర్పుకు తలవంచలేదు. ఢాకా సమావేశాన్ని బహిష్కరించారు. 1971 మార్చిలో తూర్పున సాగిన మారణకాండ నేరం ప్రధానంగా సైన్యానిదే అయినా, అందుకు దారి సుగమం చేసిన వారిలో భుట్టో ఒకరన్న అభియోగం నేటికీ తొలగలేదు.

అదే ఏడాది డిసెంబరు 20న, ఓడిపోయి సగమైన దేశం ఆయన చేతికి వచ్చింది. 1972లో ఇందిరా గాంధీతో సిమ్లా ఒప్పందం కుదుర్చుకున్నారు. భూపరిమితిని సాగునీటి వసతి ఉన్న భూమికి 150 ఎకరాలుగా నిర్ణయించారు. బ్యాంకులను, భారీ పరిశ్రమలను జాతీయం చేశారు. పాస్‌పోర్టు పొందడం సులభం కావడంతో కూలీలు గల్ఫ్ దేశాలకు తరలివెళ్లారు. ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్న తెలుగు పల్లెలకు ఆ మార్పు విలువ వేరే చెప్పనక్కరలేదు.

భూసంస్కరణలు మాత్రం కాగితాలపైనే చాలావరకు నిలిచిపోయాయి, ఎందుకంటే భూస్వాములే ఆ పార్టీలో చేరిపోయారు. 1976లో బియ్యం మిల్లులను, పత్తి జిన్నింగ్ మిల్లులను సైతం జాతీయం చేయడంతో చిన్న పట్టణాల వ్యాపారులు ఎదురు తిరిగారు.

ప్రతిపక్షాలను కూడా ఒప్పించి 1973లో రాజ్యాంగాన్ని తెచ్చిన నాయకుడే, ఆ ఏడాదే బలూచిస్తాన్‌లో ఎన్నికైన ప్రభుత్వాన్ని తొలగించి అక్కడికి సైన్యాన్ని పంపారు. 1974లో అహ్మదీలను ముస్లిమేతరులుగా ప్రకటించే సవరణను ఆమోదింపజేశారు. మతపక్షాలను శాంతింపజేయడానికి వేసిన ఆ అడుగు భారాన్ని అహ్మదీలు ఇంకా మోస్తూనే ఉన్నారు.

1977 మార్చి ఎన్నికలలో రిగ్గింగ్ జరిగిందంటూ ప్రతిపక్షం వీధులకెక్కింది. మద్యనిషేధం, శుక్రవారం సెలవు వంటి రాయితీలు పనిచేయలేదు. సీనియర్లను కాదని తానే ఏరికోరి సైన్యాధిపతిగా నియమించిన జియా ఉల్ హక్, జూలై 5న ఆయనను గద్దె దించారు. రాజకీయ ప్రత్యర్థి తండ్రి 1974లో హత్యకు గురైన కేసులో లాహోర్ హైకోర్టు మరణశిక్ష విధించింది. సుప్రీంకోర్టు 4-3 మెజారిటీతో దానిని ఖరారు చేసింది.

ఆ విచారణ న్యాయబద్ధంగా జరగలేదని 2024 మార్చిలో పాకిస్తాన్ సుప్రీంకోర్టే ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. అయితే అంతిమమైపోయిన తీర్పును రద్దు చేసే మార్గం రాజ్యాంగంలో గానీ చట్టంలో గానీ లేదని కూడా చెప్పింది. ఆ రాజ్యాంగం భుట్టో ఇచ్చినదే.