సంతకం పెట్టిన ఉత్తరం



తుక్కుగూడ నుండి ఇబ్రహీంపట్నం వైపు వెళ్లినా, నగరం వైపు వెళ్లినా దుకాణాల బోర్డుల మీద, బడి గోడల మీద రంగారెడ్డి జిల్లా అనే మాట మనకు కనిపిస్తూనే ఉంటుంది. 1978లో ఏర్పడిన మన జిల్లాకు ఆ పేరు ఎవరిదో మీ పిల్లలను ఒకసారి అడిగి చూడండి. అది కొండా వెంకట రంగారెడ్డి గారి పేరు. ఆయన వకీలు. ప్రజా జీవితంలోకి వచ్చి ఆంధ్రప్రదేశ్ ఉప ముఖ్యమంత్రి పదవి వరకు ఎదిగారు. 1970లో కన్నుమూశారు.

అదే ఇంటిపేరు గల మరొక వకీలు గుంటూరులో ఉండేవారు. ఆయన ఆయనకన్నా ఒక తరం ముందువారు. ప్రజలు ఆయనను దేశభక్త కొండా వెంకటప్పయ్య గారని పిలుచుకున్నారు. గుంటూరు ప్రాంతం నుండి వచ్చి మన విచారణలలో స్థిరపడిన కుటుంబాల పెద్దలు ఈ పేరు వినే ఉంటారు. ఈ వారం ఆయన జీవితాన్ని, ముఖ్యంగా ఆయన వృద్ధాప్యంలో రాసిన ఒక ఉత్తరాన్ని మీ ముందు ఉంచుతున్నాను.

వెంకటప్పయ్య గారు 1866 ఫిబ్రవరి 22న పాత గుంటూరులో జన్మించారు. అక్కడి మిషన్ బడిలో చదివి, పై చదువులకు మద్రాసు క్రైస్తవ కళాశాలకు వెళ్లారు. న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకుని బందరులో వకీలుగా స్థిరపడ్డారు.

ఆ రోజులలో వకీలు జీవితమంతా కాగితాల మీదనే నడిచేది. ఫోన్లు లేవు. కక్షిదారుకు ఒక ఉత్తరం, ఎదుటి పక్షానికి ఒక నోటీసు, కోర్టుకు ఒక దావా, పెద్ద కోర్టులోని వకీలుకు మరొక ఉత్తరం. 1879లో మన దేశంలో పోస్టు కార్డు వచ్చింది. దాని వెల పావు అణా. అప్పటికి వెంకటప్పయ్య గారికి పదమూడేళ్లు. ఆ కార్డు పేదవానికి కూడా ఉత్తరం రాసే వీలు కల్పించింది. వకీలు రాతకు ఒక పద్ధతి ఉంటుంది. ఏ రోజు, ఏ ఊరు, ఎవరు చూశారు, ఏమి జరిగింది, ఏమి కోరుతున్నాము అన్నవి అందులో ఉండాలి. చివర సంతకం ఉండాలి. సంతకం లేని కాగితాన్ని కోర్టు ముట్టుకోదు. ఈ చివరి మాటను దయచేసి గుర్తుంచుకోండి.

1902లో ఆయన దాసు నారాయణరావు గారితో కలిసి బందరులో కృష్ణాపత్రికను స్థాపించారు. తరువాతి కాలంలో ముట్నూరి కృష్ణారావు గారి సంపాదకత్వంలో ఆ పత్రిక తెలుగునాట ఎంతో పేరు పొందింది. వెంకటప్పయ్య గారు గుంటూరుకు తిరిగి వచ్చి, 1913లో బాపట్లలో మొదలైన ఆంధ్ర మహాసభ ఉద్యమానికి ముఖ్యులలో ఒకరయ్యారు. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలని జిల్లా జిల్లా తిరిగి నచ్చజెప్పారు. 1920లో గాంధీజీ సహాయ నిరాకరణకు పిలుపునిచ్చినప్పుడు, చేతినిండా పని ఉన్న వకీలు వృత్తిని విడిచిపెట్టారు. రాబడి ఉన్నవాడు రాబడిని వదులుకోవడం ఎంత కష్టమో సంసారం ఈదే మీకు నేను చెప్పనవసరం లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. గాంధీజీకీ వెంకటప్పయ్య గారికీ మధ్య నడిచిన ఉత్తరాలలో రెండింటి గురించి చెబుతాను. మొదటిది అటు నుండి వచ్చినది. రెండవది ఇటు నుండి వెళ్లినది. వాటి మధ్య ఇరవై ఆరేళ్ల దూరం ఉంది.

మొదటిది 1922 జనవరి నాటిది. గుంటూరు జిల్లా పెదనందిపాడు ప్రాంతంలో రైతులు ప్రభుత్వానికి శిస్తు కట్టబోమని పట్టుబట్టారు. పర్వతనేని వీరయ్య చౌదరి గారు వారిని నడిపించారు. గ్రామోద్యోగులు ఉద్యోగాలు వదులుకున్నారు. జిల్లా అంతా ఉత్సాహంతో ఊగిపోయింది. ఆ సమయంలో జిల్లా నాయకులైన వెంకటప్పయ్య గారికి గాంధీజీ ఉత్తరం వచ్చింది. అందులో పొగడ్త కాదు, హెచ్చరిక ఉంది. అహింస, ఖద్దరు, అస్పృశ్యతా నివారణ వంటి షరతులు నిజంగా నెరవేరితేనే ఈ పోరాటానికి అర్హత ఉంటుందని, నెరవేరకపోతే శిస్తు కట్టేయడమే మంచిదని ఆయన తేల్చి చెప్పారు. గెలుపు దగ్గరలో ఉందనుకుంటున్నవానికి ఇటువంటి ఉత్తరం ఎంత చేదుగా ఉంటుంది! ఫిబ్రవరిలో ఆ ఉద్యమం ఆగిపోయింది. వెంకటప్పయ్య గారు మాత్రం గాంధీజీకి దూరం కాలేదు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో మళ్లీ ముందు నిలిచి జైలుకు వెళ్లారు. చేదు మాట చెప్పినవానితో స్నేహం తెంచుకోకపోవడం కూడా ఒక గొప్పతనమే.

ఇరవై ఆరేళ్లు గడిచాయి. 1947 ఆగస్టు 15న స్వాతంత్ర్యం వచ్చింది. మన ప్రాంతం ఇంకా నిజాం ఏలుబడిలోనే ఉంది. గుంటూరు మాత్రం మద్రాసు రాష్ట్రంలో భాగంగా కాంగ్రెసు ప్రభుత్వం కింద ఉంది. ఏ జెండా కోసం జైళ్లకు వెళ్లారో ఆ జెండా కచేరీల మీద ఎగురుతోంది. వెంకటప్పయ్య గారికి ఎనభై ఒకటి దాటాయి. కాలు విరిగింది. చంక కర్రల సాయంతో ఇంట్లోనే నాలుగు అడుగులు వేసే స్థితి. ఆ వయస్సులో ఎవరైనా ఏమి చేస్తారు? పూలదండలు వేయించుకుని, పాత రోజులు చెప్పుకుని కాలం గడుపుతారు.

ఆయన అలా చేయలేదు. గాంధీజీకి ఉత్తరం రాశారు.

ఆ ఉత్తరంలోని సారాంశం ఇది. స్వరాజ్యం అనే ఒకే తపన ఇంతకాలం అందరినీ ఒక దారిలో నడిపించింది. గమ్యం చేరగానే చాలామందిలో నీతి కట్టుబాట్లు సడలిపోయాయి. అధికారం రుచి చూసినవారి తల తిరిగింది. శాసనసభ్యులలో కొందరు పలుకుబడిని అమ్ముకుని డబ్బు చేసుకుంటున్నారు. మేజిస్ట్రేటు కోర్టులలో న్యాయం జరగకుండా అడ్డుపడేంత దూరం వెళ్తున్నారు. కలెక్టర్లు, రెవెన్యూ ఉద్యోగులు నిర్భయంగా పని చేయలేకపోతున్నారు. నిజాయితీ గల అధికారి మీద మంత్రులకు తప్పుడు చాడీలు చేరుతున్నాయి. నిన్నటి దాకా ఉద్యమాన్ని ఎదిరించినవారు నేడు సొంత లాభం కోసం కాంగ్రెసులో చేరుతున్నారు. ఇవన్నీ చూసిన సామాన్య జనం తెల్లవారి పాలనే నయమనే దాకా వచ్చారు.

ఈ మాటలు రాసిన చేయి ఎవరిదో ఆలోచించండి. కాంగ్రెసుకు ఎదుటి పక్షం కాదు. పదవి దక్కక అలిగినవాడు కాదు. ఆ సంస్థకు జీవితం ధారపోసిన మనిషి. తనవారి తప్పును తానే రాశారు. తాను ముసలివాడినని, కుంటుతూ ఇంటి గోడల మధ్య తిరుగుతున్నానని, ఇందులో తనకు వచ్చే లాభం ఏదీ లేదని కూడా ఆ ఉత్తరంలోనే చెప్పుకున్నారు. కింద తన పేరు పెట్టారు.

అది 1948 జనవరి. ఢిల్లీలో మతకలహాలు చల్లారక, గాంధీజీ జనవరి 13న నిరాహారదీక్ష మొదలుపెట్టి 18న విరమించారు. ఆ రోజులలోనే వెంకటప్పయ్య గారి ఉత్తరాన్ని ఆయన దాచిపెట్టకుండా, రాసినవారి పేరుతో సహా ప్రజల ముందు ఉంచారు. ఈ త్యాగశీలి చెప్పిన మాటలను ఆంధ్రులే కాదు, అన్ని రాష్ట్రాలవారూ తూచి చూసుకోవాలని, ఈ చీడ ఒక్క ఆంధ్రకే పరిమితం కాదని హెచ్చరించారు. ప్రతి ఆదివారం పూజలో దూరాన ఉన్న సంఘాలకు పూర్వం రాసిన ఉత్తరాలను వినే మనకు, ఒక ఉత్తరాన్ని పదిమందికీ వినిపించడంలో ఉన్న బలం కొత్త కాదు.

జనవరి 30న గాంధీజీ హత్యకు గురయ్యారు. ఆ ఉత్తరం అందుకున్న మనిషి మూడు వారాలైనా బ్రతకలేదు. రాసిన మనిషి 1949 ఆగస్టు 15న కన్నుమూశారు. తాను కోరుకున్న స్వాతంత్ర్యం వచ్చి సరిగ్గా రెండేళ్లు నిండిన రోజది.

పాఠకులారా, ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. అయితే మనసులో ఉన్నదంతా కాగితం మీద పెట్టి పంపేయవచ్చునా? దీనికి జవాబుగా దూరదేశపు వకీలు ఒకరిని గుర్తు చేస్తాను. అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ కూడా వృత్తి రీత్యా వకీలే. కక్షిదారులకు, మిత్రులకు, మంత్రులకు ఆయన రాసిన ఉత్తరాలను ఆ దేశం నేటికీ భద్రపరుస్తోంది. 1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధంలో గెలిచిన సేనాని మీడ్, ఓడిన శత్రుసేనను వెంటాడి పట్టుకోలేదు. లింకన్‌కు కోపమూ బాధా ఆగలేదు. నిష్ఠూరమాడుతూ సేనానికి ఉత్తరం రాశారు. రాసి పక్కన పెట్టారు. సంతకం పెట్టలేదు, పంపలేదు. ఆ కాగితం ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఒక వకీలు రాసి పంపలేదు. మరొక వకీలు రాసి పంపారు. ఇద్దరూ సరిగానే చేశారని నాకు తోస్తుంది. లింకన్ ఉత్తరం చేరి ఉంటే యుద్ధంలో అలసిన ఒక మనిషి మనసు గాయపడేది. చేజారిన అవకాశం మాత్రం తిరిగి వచ్చేది కాదు. వెంకటప్పయ్య గారి ఉత్తరం ఆగిపోయి ఉంటే, తప్పు చేస్తున్నవారికి ధైర్యం పెరిగేది. నలిగిపోతున్న సామాన్యుని గోడు పెద్దలకు చేరేది కాదు. కోపం తీర్చుకోవడానికి రాసినదాన్ని బల్ల సొరుగులో ఉంచాలి. ఇతరుల మేలు కోసం రాసినదాన్ని పంపాలి.

మన ఊళ్లలో మూడవ రకం ఉత్తరం కూడా ఒకటుంది. అదే ఆకాశరామన్న ఉత్తరం. విచారణ లెక్కల మీద, గుడి కమిటీ మీద, ఉపదేశి మీద, బడి టీచరు మీద, కుదరబోయే పెళ్లి సంబంధం మీద పేరు లేని ఉత్తరాలు వెళ్తూనే ఉంటాయి. అందులో నిజం ఉండవచ్చు, అబద్ధం ఉండవచ్చు. విచారించబోతే అడగడానికి మనిషి ఉండడు. నిందపడినవానికి జవాబు చెప్పుకునే దారి ఉండదు. అలాంటి ఒక్క కాగితంతో పెళ్లి ఆగిపోయిన ఇల్లు మీకు తెలియదా? ఇప్పుడు ఆకాశరామన్నకు పోస్టు డబ్బా కూడా అక్కరలేదు. సెల్‌ఫోన్‌లో ఒక వేలు కదిలిస్తే చాలు, ఎవరు పుట్టించారో తెలియని మాట ఊరంతా పాకుతుంది. దాన్ని మరొకరికి పంపిన మనం కూడా ఆ ఉత్తరానికి చేయి కలిపినవారమే.

అయితే దీనికి మరొక వైపు కూడా ఉంది. పేరు పెట్టడానికి జనం భయపడుతున్నారంటే ఆ భయం ఎవరి వల్ల వచ్చింది? పేరు పెట్టి రాసినవానిని సతాయించే పెద్దలు ఉన్నచోట ఆకాశరామన్నే మిగులుతాడు. చేదు నిజం రాసిన స్నేహితుని మీద గాంధీజీ కోపగించుకోలేదు. ఆయన మాటకు విలువ ఇచ్చి లోకానికి చెప్పారు. సంఘంలో, కుటుంబంలో, ఆఫీసులో పెద్దరికం వహించేవారు నేర్చుకోవలసినది ఇదే. మీ తప్పు మీకు చెప్పిన మనిషిని దగ్గరకు తీయండి. అప్పుడు మీ ఇంటికి పేరు లేని ఉత్తరాలు రావు.

కనుక ఈ వారం మీరు ఎవరి మీదనైనా ఏదైనా రాయబోయే ముందు, చెప్పబోయే ముందు, ఆ గుంటూరు వకీలును ఒకసారి తలచుకోండి. నేను కళ్లారా చూసినదే రాస్తున్నానా? ఇందులో నాకు సొంత లాభం ఏమైనా ఉందా? సరిదిద్దగలవారికే పంపుతున్నానా? కింద నా పేరు పెట్టగలనా? ఈ నాలుగింటికీ మీ మనస్సాక్షి సరే అంటే భయపడకుండా పంపండి. ఒక్కదానికి కాదన్నా లింకన్ చేసినట్లు మడిచి సొరుగులో పెట్టండి. మరునాడు ఉదయం దాన్ని మళ్లీ చదవండి. చించివేయాలో పంపాలో అప్పటికి మీకే తెలుస్తుంది.