కదలని పసుపు కారు, కదిలిన 27 బస్సులు: ఏడో నిజాం జీవితం

చౌమహల్లా ప్యాలెస్‌లో షాండిలియర్లు చూశాక పిల్లలు ఎక్కువసేపు ఆగేది పాత కార్ల దగ్గరే. వాటిలో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటుంది. వెనక సీటు సీటులా ఉండదు, ఎత్తుగా అమర్చిన తఖ్త్ అది. అందుకే దీన్ని థ్రోన్ కార్ అంటారు. ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. కానీ 1911 ఆగస్టు 29న ఆయన కన్నుమూశారు. కారు హైదరాబాద్ చేరేసరికి గద్దె మీద ఆయన కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉన్నారు. తండ్రి ఎక్కకుండానే పోయిన ఆ కారుని కొడుకు కూడా పెద్దగా వాడలేదు. ఎప్పుడైనా ఊరేగింపుకి తీయడం, మళ్లీ షెడ్డులో పెట్టడం, అంతే.

ఉస్మాన్ అలీ ఖాన్ 1886 ఏప్రిల్‌లో పురానీ హవేలీలో పుట్టారు. గద్దె ఎక్కేటప్పటికి వయసు 25. చేతికొచ్చిన రాజ్యం 82 వేల చదరపు మైళ్ల పైచిలుకు. సొంత నాణెం, సొంత రైలు, సొంత తపాలా. దాంతోపాటు 1908 మూసీ వరదల గాయం కూడా. ఆ వరదల్లో వేలమంది పోయారు, బస్తీలకి బస్తీలు కొట్టుకుపోయాయి.

1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇంజినీర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య వేసిన పథకం మీద 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరద ఆగింది, నల్లాల్లో నీళ్లొచ్చాయి. 1918లో ఉర్దూ మీడియంతో ఉస్మానియా యూనివర్సిటీ మొదలైంది. ఉస్మానియా ఆస్పత్రి, హైకోర్టు భవనం కూడా ఆయన హయాంలోనివే.

1932లో నిజాం రైల్వే కింద రోడ్డు రవాణా విభాగం పెట్టారు. మొదట 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఈరోజు మనం ఎక్కే ఆర్టీసీకి మూలం అదే. రాజు కోసం చేసిన కారు షెడ్డులో ఉంటే, జనం కోసం తెచ్చిన బస్సులు రోడ్డు మీద తిరిగాయి. ఆయన పాలనలో పనికొచ్చిన ఖర్చేదో దీంట్లోనే తెలిసిపోతుంది.

1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ఆయన బొమ్మని ముఖచిత్రంగా వేసి, ప్రపంచంలోనే అత్యంత ధనవంతుడని రాసింది. 184 క్యారెట్ల పైనున్న జాకబ్ వజ్రాన్ని కాగితాలు ఎగరకుండా బరువుగా పెట్టుకునేవారని చెబుతారు. అంత ఆస్తి ఉన్న మనిషి వేసుకునేది మాత్రం నలిగిన షేర్వానీ, పాత రూమీ టోపీ. జనం పిసినారి అన్నారు. తన ఒంటి మీద ఖర్చుకి చెయ్యి రాలేదు, నిజమే. కానీ చెరువుకి, చదువుకి, ఆస్పత్రికి వచ్చింది.

అయితే మంచి ఒక్కటే చెబితే లెక్క సరిపోదు. ఊళ్లలో దేశ్‌ముఖ్‌ల వెట్టిచాకిరీ ఆయన పాలనలోనే నడిచింది. 1947లో ఇండియాలో కలవకుండా స్వతంత్రంగా ఉండాలనుకున్నారు. రజాకార్ల దౌర్జన్యాలను అదుపు చేయలేకపోయారు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17న లొంగిపోయారు. ఆ తర్వాత జరిగిన హింసలో ఏ పాపం తెలియని ముస్లింలు వేలల్లో చనిపోయారు. రజాకార్లు చేసింది దాచకూడదు, తర్వాత మనవాళ్ల మీద జరిగిందీ దాచకూడదు. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లలకి రెండూ చెప్పాలి.

1950 నుంచి 1956 వరకు ఆయన హైదరాబాద్ రాష్ట్రానికి రాజ్‌ప్రముఖ్‌గా ఉన్నారు. 1965లో దేశ రక్షణ కోసం 5 టన్నుల బంగారం దానమిచ్చారన్న మాట వాట్సాప్‌లో తెగ తిరుగుతుంది. సమాచార హక్కు కింద బయటపడిన లెక్క వేరు. అది 425 కిలోలు, 6.5 శాతం వడ్డీ ఉన్న గోల్డ్ బాండ్లలో పెట్టుబడి. దానం వేరు, బాండు వేరు. అయినా దేశానికి అవసరమైన వేళ బంగారం బయటికి తీశారన్నది నిజం. దానికి అబద్ధం కలపాల్సిన పని లేదు.

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో ఆయన ఇంతెఖాల్ అయ్యారు. జనాజాకి జనం సముద్రంలా వచ్చారు. కింగ్ కోఠీ ఎదురుగా ఉన్న జూదీ మస్జిద్‌లో, తల్లి పక్కనే దఫన్ చేశారు.

సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్తే చౌమహల్లాతో ఆపకండి. పురానీ హవేలీలోని నిజాం మ్యూజియంలో కూడా పాత కార్లున్నాయి. బయటికొచ్చాక ఏ ఆర్టీసీ బస్సు కనిపించినా నంబర్ ప్లేటు చూపించండి. చాలావాటి మీద జెడ్ అక్షరం ఉంటుంది. నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టించారని హైదరాబాద్‌లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ అక్షరం చూడటానికి టికెట్ అక్కర్లేదు, బస్టాప్‌లో నిలబడితే చాలు.