నైలాన్ రూపశిల్పి వాలెస్ కెరోథర్స్

తడికి చివికిపోయే నూలు వలల బెడద యానాంలోనూ, గంజాం తీరంలోనూ మన జాలరులకు తప్పినది నైలాన్ దారం వచ్చిన తరువాతనే. ఆ దారానికి మూలపురుషుడు వాలెస్ హ్యూమ్ కెరోథర్స్.

1896 ఏప్రిల్ 27న అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఆయన జన్మించారు. తండ్రి వాణిజ్య కళాశాలలో అధ్యాపకులు. కుమారుడు కూడా మొదట ఆ విద్యనే అభ్యసించినా, మనసు రసాయన శాస్త్రం మీదికే పోయింది. 1924లో డాక్టరేటు పొంది, హార్వర్డులో బోధించి, 1928లో డ్యూపాంట్ సంస్థ పరిశోధనాలయంలో చేరారు.

పట్టు, రబ్బరు వంటివి చిన్న అణువుల గుంపులేనని ఆనాటి పండితులు పలువురు నమ్మేవారు. కాదు, అవి పొడవైన గొలుసులని 1920లో జర్మనీకి చెందిన స్టాడింజర్ ప్రతిపాదించారు. వాదం తెగలేదు. కెరోథర్స్ వాదానికి దిగక, అందరూ ఎరిగిన రసాయన చర్యలతోనే చిన్న అణువులను కొసకు కొస కలిపి గొలుసు కట్టి చూపదలచారు.

చిక్కు నీటితో వచ్చింది. ఆమ్లం, ఆల్కహాలు కలిసినప్పుడు పుట్టే నీరే ఆ బంధాన్ని మరల విడదీస్తుంది. గాలి తీసివేసిన పాత్రలో వేడిచేసి, నీటిని ఎప్పటికప్పుడు తొలగించగా గొలుసు పెరిగి, అణుభారం 10,000 దాటింది. 1930 ఏప్రిల్‌లో సహచరుడు జూలియన్ హిల్ ఆ ముద్దలో కడ్డీ ముంచి లాగగా దారం వచ్చింది. చల్లారిన దారాన్ని మరల లాగితే పట్టువలె మెరిసి గట్టిపడింది! అదే నెలలో ఆయన బృందంలోని ఆర్నాల్డ్ కాలిన్స్ చేతిలో నియోప్రీన్ రబ్బరు పుట్టింది. చెప్పులు అతికే జిగురులు అనేకం నేటికీ దానితోనే తయారవుతున్నాయి.

తొలి దారం వేడినీటికే మెత్తబడేది. ఆల్కహాలుకు బదులు అమీన్ వాడగా 1935 ఫిబ్రవరి 28న నైలాన్ 66 సిద్ధించింది. రెండు ముడిసరుకులలోనూ ఆరేసి కార్బన్ పరమాణువులుండుటచే ఆ పేరు. అది కరగడానికి సుమారు 260 డిగ్రీల వేడి కావాలి.

ఇంతటివాడిని యౌవనం నుండి మానసిక కుంగుబాటు వెంటాడింది. తాను సాధించినదేమీ లేదన్న బాధ ఆయనను విడువలేదు. 1936లో జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యత్వం, వివాహం రెండూ లభించినా ఊరట కలుగలేదు. 1937 జనవరిలో ప్రియసోదరి మరణించింది. ఏప్రిల్ 29న, నలభై ఒకటి నిండిన రెండు రోజులకే, ఫిలడెల్ఫియాలో ఆయన ప్రాణాలు తీసుకొన్నారు. ఆ వ్యాధికి నేడు వైద్యులిచ్చే మందులేవీ ఆనాటికి లేవు.

ఆ నవంబరులో ఆయనకు కుమార్తె జన్మించింది. మరుసటి సంవత్సరం నైలాన్ మొదటిసారిగా అంగడికి వచ్చింది, పళ్ల బ్రష్షు కుచ్చుగా.